సమాచారానికి ఒక స్థిరమైన చిరునామా: స్టాటిక్ వెబ్‌సైటును మనమే తయారుచేసుకుందాం

బ్యాంకు కుటుంబాలకు బదిలీ కొత్త కాదు. మూడు నాలుగేళ్లకోసారి సామాను లారీ ఎక్కుతుంది, పిల్లల టీసీలు చేతికి వస్తాయి, కొత్త ఊళ్లో అన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలు. గ్యాస్ కనెక్షన్ బదిలీకి ఏ కాగితాలు కావాలి, క్వార్టర్స్‌లో మోటారు చెడిపోతే ఎవరికి చెప్పాలి, మెడికల్ బిల్లులను ఏ వరుసలో జతచేయాలి వంటివి మనకంటే ముందు అక్కడున్న కుటుంబానికి బాగా తెలుసు. కానీ వాళ్ల సామానుతో పాటు ఆ సమాచారమూ వెళ్లిపోతుంది.

రిటైరైన వారి ఇళ్లలో ఈ లోటు ఇంకా పెద్దది. ఏటా నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్, ఆరోగ్య బీమా రెన్యువల్, ఇంటి పెద్ద కాలం చేస్తే ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు వంటి పనుల సంగతులు సాధారణంగా ఇంట్లో ఒక్కరికే తెలుస్తాయి. ఆ ఒక్కరు లేని రోజునే వాటి అవసరం పడుతుంది.

దీనికి వాట్సాప్ గ్రూపు ఉంది కదా అనుకోవచ్చు. గ్రూపు కబుర్లకు మంచిదే. కానీ ఒక సందేశం పది చేతులు మారాక అది మొదట ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలియదు. ఒక ఉదాహరణ చూడండి. డిపాజిట్ ఖాతాకు ఒకే ఒక నామినీ ఉండాలని మనమంతా ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాం. బ్యాంకింగ్ చట్టాల సవరణ చట్టం, 2025లోని నామినేషన్ నిబంధనలు 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. డిపాజిట్లకు ఏకకాలంలో వాటాల చొప్పున గానీ, ఒకరి తర్వాత ఒకరుగా గానీ రాయవచ్చు. లాకర్లకు మాత్రం ఒకరి తర్వాత ఒకరు అనే పద్ధతే. పాత సందేశం ఇప్పటికీ ఎన్నో ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని వెనక్కి పిలిచి దిద్దే మార్గం లేదు.

కావలసింది ఒకే చిరునామా. అక్కడ ఎప్పుడూ తాజా మాటే ఉండాలి, ఎప్పుడు మార్చారో కనబడాలి, వెతికితే దొరకాలి. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇలాంటి దాన్ని డాక్యుమెంటేషన్ సైటు అంటారు. దీన్ని పైసా ఖర్చు లేకుండా, ప్రోగ్రామింగ్ నేర్చుకోకుండా మన సంక్షేమ సంఘమో, రిటైరీల బృందమో, ఇంజనీరింగ్ చదివే మన పిల్లలో ఎలా తయారుచేయవచ్చో చూద్దాం.

స్టాటిక్ అంటే ఏమిటి?

వెబ్‌సైట్లు రెండు రకాలు. మొదటి రకంలో మనం పేజీ అడిగిన ప్రతిసారీ సర్వరు డేటాబేసులోకి వెళ్లి, వివరాలు తెచ్చి, అప్పటికప్పుడు పేజీని వండి వడ్డిస్తుంది. నెట్ బ్యాంకింగ్ ఇలాంటిదే. మీ నిల్వ వేరు, నా నిల్వ వేరు కాబట్టి అలా చేయక తప్పదు.

రెండో రకం స్టాటిక్ సైటు. ఇక్కడ పేజీలన్నీ ముందే తయారై ఉంటాయి, ఎవరు అడిగినా అదే పేజీ ఇస్తుంది. పండగకు చేసి డబ్బాల్లో పెట్టుకున్న అరిసెల లాంటిదన్నమాట. వచ్చిన వారికి తీసి పెట్టడమే, మళ్లీ పొయ్యి వెలిగించనక్కర్లేదు. టిమ్ బెర్నర్స్-లీ 1991లో లోకానికి చూపిన మొట్టమొదటి వెబ్‌సైటు కూడా ఈ రకమే.

దీనివల్ల మూడు లాభాలు. డేటాబేసు, లాగిన్ ఉండవు కాబట్టి దొంగలు చొరబడే దారులు బాగా తగ్గుతాయి. సర్వరుకు పని తక్కువ కాబట్టి ఉచితంగా ఉంచే సంస్థలున్నాయి. పేజీలు తేలిక కాబట్టి సిగ్నల్ సరిగా లేని ఊళ్లోనూ తెరుచుకుంటాయి.

జనరేటర్ చేసే పని

పేజీలు ముందే తయారై ఉండాలంటే ఎవరో ఒకరు తయారుచేయాలి. ముప్ఫై పేజీలుంటే ప్రతిదానికీ పైన పేరు, పక్కన విషయసూచిక, కింద తేదీ చేత్తో పెట్టడం కుదరదు. ఆ చాకిరీ చేసే ప్రోగ్రామునే స్టాటిక్ సైట్ జనరేటర్ అంటారు. మనం మామూలు అక్షరాల్లో రాసిన ఫైళ్లు ఇస్తే, అది వాటికి ఒకే అచ్చు వేసి, సూచిక కట్టి, వెతుకులాట పెట్టె జోడించి పూర్తి సైటును ఒక ఫోల్డరులో పెడుతుంది.

ఇలాంటివి చాలా ఉన్నాయి. గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2008లో విడుదల చేసిన జెకిల్ బాగా పేరు తెచ్చుకుంది. హ్యూగో 2013లో వచ్చింది, వేగానికి ప్రసిద్ధి. స్ఫింక్స్‌ను పైథాన్ భాష మాన్యువళ్ల కోసం తయారుచేశారు. మన పనికి సులువైనది ఎంకేడాక్స్. ఇది డాక్యుమెంటేషన్ కోసమే పుట్టింది, పూర్తిగా ఉచితం, నేర్చుకోవడానికి ఒక ఆదివారం చాలు.

ముందు కాగితం, తర్వాత కంప్యూటరు

చాలామంది రంగులు, డిజైను దగ్గర మొదలుపెడతారు. అది గోడలు లేవకముందే సున్నం కొనడం లాంటిది. ముందు ఏ పేజీలు కావాలో కాగితం మీద రాసుకోవాలి.

డాక్యుమెంటేషన్ మీద కృషి చేసిన డానియేల్ ప్రొచీడా రాతలను నాలుగుగా విభజించారు. కొత్తవారికి చేయి పట్టి నేర్పేవి, ఒక పని ఎలా పూర్తి చేయాలో చెప్పేవి, చూసుకోవడానికి మాత్రమే పనికొచ్చే వివరాలు, ఎందుకు అలా అని వివరించేవి. ఈ నాలుగింటినీ ఒకే పేజీలో కలిపితే చదివేవారికి ఏదీ దొరకదు. లైఫ్ సర్టిఫికెట్ విషయమే తీసుకుందాం. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ మొదటిసారి వాడే పెద్దవారికి బొమ్మలతో నేర్పే పేజీ ఒకటి. సర్టిఫికెట్ ఇవ్వడానికి ఉన్న మార్గాలు, వాటి మెట్లు చెప్పే పేజీ ఇంకొకటి. గడువు తేదీలు, కావలసిన పత్రాల పట్టిక వేరొకటి. ఇవ్వకపోతే పెన్షన్ ఎందుకు ఆగుతుందో చెప్పేది మరొకటి. కంగారులో ఉన్న మనిషికి కావలసింది రెండోది. ఆయన చేత చరిత్ర చదివించకూడదు.

ప్రతి పేజీకీ నాలుగు విషయాలు తప్పనిసరి చేసుకోండి: ఈ పేజీ ఎవరి కోసం, ఈ సమాచారం ఏ అధికారిక మూలం నుంచి తీసుకున్నాం, చివరిగా సరిచూసిన తేదీ, తప్పు కనబడితే ఎవరికి చెప్పాలి. ఉదాహరణకు, మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలని ఫ్యామిలీ పెన్షన్ పేజీలో రాస్తే, పక్కనే జనన మరణాల నమోదు చట్టం, 1969 అని మూలం ఉండాలి. అప్పుడే ఆ పేజీకీ ఫార్వర్డ్ సందేశానికీ తేడా.

తయారీ: మెట్టు వెంట మెట్టు

కింద చెప్పిన ఆదేశాలను కంప్యూటరులో ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. చదువుకునే వీలు కోసం ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను.

మొదటిది, పైథాన్. ఎంకేడాక్స్ పైథాన్ మీద నడుస్తుంది. పైథాన్ అధికారిక సైటు నుంచే దించుకోవాలి. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, పైథాన్‌ను పాత్‌కు జోడించమని అడిగే చిన్న గడిలో టిక్ పెట్టడం మరవకండి. అది పెట్టకపోతే తర్వాతి ఆదేశాలేవీ కంప్యూటరుకు అర్థం కావు.

రెండోది, ఎంకేడాక్స్. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పిప్ ఇన్‌స్టాల్ ఎంకేడాక్స్’ అని కొడితే నిమిషంలో వచ్చేస్తుంది.

మూడోది, కొత్త సైటు. ‘ఎంకేడాక్స్ న్యూ’ అని కొట్టి, పక్కన మీకు నచ్చిన ఫోల్డరు పేరు ఇవ్వండి. ఆ ఫోల్డరులో రెండే ఉంటాయి. ఒకటి వైఎంఎల్ రకం సెట్టింగుల ఫైలు. రెండోది డాక్స్ అనే ఫోల్డరు, అందులో ఇండెక్స్ అనే మొదటి పేజీ. సెట్టింగుల ఫైలులో సైటు పేరు, పేజీల వరుస రాస్తాం. ఇక్కడ ఒక జాగ్రత్త: వరుసలను లోపలికి జరపడానికి ట్యాబ్ వాడకూడదు, స్పేస్ బార్ మాత్రమే వాడాలి. కొత్తవారిని గంటల తరబడి ఏడిపించేది ఈ ఒక్క సంగతే.

నాలుగోది, రాత. పేజీలన్నీ మార్క్‌డౌన్ పద్ధతిలో రాస్తాం. జాన్ గ్రూబర్ 2004లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో నేర్చుకోవలసింది అయిదారు గుర్తులే. వాక్యం ముందు # పెడితే శీర్షిక, రెండు ## పెడితే ఉపశీర్షిక. వరుస ముందు చిన్న గీత పెడితే జాబితా, అంకె, చుక్క పెడితే మెట్ల వరుస. మాటకు రెండు పక్కలా రెండేసి నక్షత్రాలు పెడితే ముద్దక్షరం. నోట్‌ప్యాడ్‌లో కూడా రాయవచ్చు. రేపు ఎంకేడాక్స్ మూతపడినా, ఇంకో జనరేటర్ నచ్చినా ఈ ఫైళ్లు చాలావరకు అలాగే పనికొస్తాయి. మన శ్రమ ఏ ఒక్క సాఫ్ట్‌వేరుకూ తాకట్టు పడదు.

అయిదోది, సరిచూసుకోవడం. ‘ఎంకేడాక్స్ సర్వ్’ అని కొడితే సైటు మీ కంప్యూటరులో మీకు మాత్రమే కనబడుతుంది. బ్రౌజరులో 127.0.0.1:8000 అనే చిరునామా తెరవండి. ఫైలు దిద్ది సేవ్ చేయగానే బ్రౌజరులో మార్పు కనబడుతుంది. అంతా బాగుందనిపించాక ‘ఎంకేడాక్స్ బిల్డ్’ కు స్ట్రిక్ట్ అనే షరతు జోడించి నడపండి. ఎక్కడైనా లేని పేజీకి లింకు ఇచ్చి ఉంటే అది అక్కడే ఆగి చెబుతుంది.

తెలుగుకు కావలసిన జాగ్రత్తలు

తెలుగు సైటుకు ప్రత్యేకంగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

పాత సావనీర్లు, డీటీపీ ఫైళ్ల నుంచి కాపీ చేస్తే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులుగా మారవచ్చు. అవి అను వంటి పాత ఫాంట్ పద్ధతిలో ఉండటమే కారణం. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి చదివి దిద్దాకే వాడాలి. ఫైళ్లన్నీ యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయాలి.

పేజీలో రాత తెలుగే అయినా ఫైలు పేరు మాత్రం చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో ఉంచండి. తెలుగు పేరున్న లింకును కాపీ చేసి పంపితే శాతం గుర్తులు, అంకెలతో మూరెడు పొడవవుతుంది. పెద్దవారు దాన్ని చూసి మోసపు లింకేమోనని భయపడతారు. అలా భయపడటం మంచి అలవాటే. మన లింకు వారిని భయపెట్టకూడదు, అంతే.

ఇంకొక సూక్ష్మం. ఎంకేడాక్స్ ప్రతి శీర్షికకూ ఒక లింకు తయారుచేస్తుంది. ఇంగ్లిషు శీర్షికకైతే ఆ మాటలతోనే చేస్తుంది. మామూలు అమరికలో తెలుగు శీర్షికలకు ఒకటి, రెండు అని అంకెలు వేస్తుంది. మధ్యలో కొత్త శీర్షిక చేరితే అంకెలు మారి, పాత లింకు వేరే చోటికి తీసుకెళుతుంది. అందుకే ఒక్కో పనికి ఒక్కో పేజీ పెట్టి, పేజీకే లింకు పంపడం మేలు. వెతుకులాట పెట్టెలోనూ నాలుగైదు తెలుగు మాటలు కొట్టి ఫలితాలు చూసుకోండి.

బరువు సంగతి కూడా గమనించాలి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు తీసుకుంటుంది. అయిదు వేల సంకేతాలున్న నిండు పేజీ రాత 15 కిలోబైట్లే. ఫోన్‌తో తీసిన 3 మెగాబైట్ల ఫొటో ఒక్కటి పెడితే అది అలాంటి రెండు వందల పేజీలకు సమానం. ఫొటోలను చిన్నవి చేసి పెట్టండి.

ప్రచురణ

సైటును లోకానికి చూపడానికి గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత సదుపాయం వాడుకోవచ్చు. దీనికి ముందు గిట్ అంటే ఏమిటో తెలియాలి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన ఈ ప్రోగ్రాము ఫైళ్లలో ప్రతి మార్పునూ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్న వివరాలతో దాచుతుంది. మనకు తెలిసిన భాషలో చెప్పాలంటే ఇది కొట్టివేతలున్నా చెరిపివేతలు లేని లెడ్జరు. తప్పు పడితే దాని మీద గీత గీసి, పక్కన సరైనది రాసి సంతకం పెడతాం కదా, అదే పద్ధతి.

గిట్‌హబ్‌లో ఖాతా తెరిచి, రెండంచెల భద్రత పెట్టుకుని, రిపాజిటరీ అనే ఖాళీ అర ఒకటి తీసుకోండి. ఉచిత ఖాతాలో పేజెస్ వాడాలంటే అది పబ్లిక్‌గా ఉండాలి. ఆదేశాలు కొట్టడం ఇబ్బందైతే గిట్‌హబ్ డెస్క్‌టాప్ అనే యాప్‌లో బటన్లు నొక్కుతూ మీ ఫోల్డరును అందులోకి ఎక్కించవచ్చు. మీ కంప్యూటరులో గిట్ కూడా ఇన్‌స్టాల్ చేసుకున్నాక, ‘ఎంకేడాక్స్ జీహెచ్-డిప్లాయ్’ అనే ఒక్క ఆదేశం సైటును తయారుచేసి, జీహెచ్-పేజెస్ అనే ప్రత్యేక శాఖలో పెడుతుంది. గిట్‌హబ్ సెట్టింగుల్లోని పేజెస్ విభాగంలో ఆ శాఖ ఎంపికై ఉందో లేదో చూసుకోవాలి. కొద్ది నిమిషాల్లో సైటు అందరికీ అందుబాటులోకి వస్తుంది, తాళం గుర్తున్న సురక్షిత చిరునామాతో.

ప్రచురించిన సైటు పరిమాణం 1 గిగాబైటు దాటకూడదని, నెలకు వాడకం సుమారు 100 గిగాబైట్లలోపు ఉండాలని గిట్‌హబ్ పరిమితులు పెట్టింది. మన అవసరానికి ఇది ఎక్కువే.

ఒకటి గుర్తుంచుకోండి. డిప్లాయ్ ఆదేశం మీ కంప్యూటరులో ఉన్న ఫైళ్లనే తీసుకుంటుంది. వేరొకరు గిట్‌హబ్‌లో దిద్ది ఉంటే ముందు ఆ మార్పులు దించుకోకుండా నడిపితే పాత పేజీలే మళ్లీ సైటుకెక్కుతాయి. ఎక్కువమంది రాసేటప్పుడు, ఆమోదం పొందిన ప్రతి మార్పూ దానంతటదే ప్రచురితమయ్యేలా గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఒకసారి ఏర్పాటు చేసుకుంటే ఈ చిక్కుండదు.

మేకర్-చెకర్ ఇక్కడా ఉంది

ఒకరు వేసిన ఎంట్రీని ఇంకొకరు ఆమోదించనిదే బ్రాంచిలో పని ముందుకు సాగదు. గిట్‌హబ్‌లో దీన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు. ఒకరు మార్పు ప్రతిపాదిస్తారు. పాత మాట ఎరుపులో, కొత్త మాట ఆకుపచ్చలో పక్కపక్కన కనబడతాయి. ఇంకొకరు చదివి ఆమోదిస్తేనే అసలు ఫైలులో చేరుతుంది. కనీసం ఒకరి ఆమోదం తప్పనిసరి అనే నియమాన్ని సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు. పెన్షన్ పేజీని రిటైరైన ఒక సీనియర్ సరిచూస్తే, స్కూలు అడ్మిషన్ల పేజీని మొన్ననే ఆ పని చేసిన తల్లి సరిచూస్తే, ఆ సైటును ధైర్యంగా నమ్మవచ్చు.

ఇవి ఎన్నడూ పెట్టకూడదు

స్టాటిక్ సైటుకు తలుపులు లేవు. పెట్టినదంతా వీధిలో పెట్టినట్టే. కాబట్టి ఖాతా నంబర్లు, పీఎఫ్ నంబర్లు, ఆధార్, పాన్, పుట్టిన తేదీలు, పాస్‌వర్డులు ఎక్కడా ఉండకూడదు. ఎలా చేయాలో చూపే స్క్రీన్‌షాట్లలో కూడా ఇవి దొంగచాటుగా వచ్చేస్తాయి, ఒకటికి రెండుసార్లు చూడండి. పొరపాటున పెట్టి తర్వాత తీసేస్తే సరిపోదు. గిట్ చరిత్రలో పాత ప్రతి అలాగే ఉంటుంది, వెనక్కి తిప్పి ఎవరైనా చదవవచ్చు. బయటపడిన పాస్‌వర్డును వెంటనే మార్చడమే మార్గం.

బ్యాంకు అంతర్గత సర్క్యులర్లు, ఖాతాదారుల వివరాలు అసలే కూడవు. జాతీయ బ్యాంకుల ఉద్యోగులపై 1970, 1980 చట్టాల్లోని 13వ సెక్షన్ గోప్యత బాధ్యత పెట్టింది. రిటైరైనంత మాత్రాన ఆ మర్యాద పోదు. ప్రభుత్వం, రిజర్వు బ్యాంకు, బీమా కంపెనీ బహిరంగంగా ప్రచురించిన వాటికే లింకు ఇవ్వండి. ప్లంబరు నంబరైనా సరే, ఆయన్ను అడిగాకే పెట్టండి.

సైటు పేరులో బ్యాంకు పేరు గానీ, లోగో గానీ వాడకండి. మన బ్యాంకుల అసలు సైట్లను ఖాతాదారులు సులువుగా గుర్తుపట్టడానికే రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాలకు మారమని ఆదేశించింది. వాటిని నమోదు చేసే బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీది. మోసగాళ్లు బ్యాంకుల పేరుతో నకిలీ సైట్లు పెడుతున్న రోజుల్లో, మంచి ఉద్దేశంతోనైనా బ్యాంకును పోలిన సైటు పెట్టడం ఆ కృషికి అడ్డు పడటమే. మొదటి పేజీలోనే ఇది కుటుంబాలు నడుపుకునే సైటు, అధికారిక సైటు కాదు అని రాయండి. దాని కిందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 ఉంచండి.

నిలబెట్టుకోవడం

సైటు కట్టడం సులువు, కాపాడుకోవడమే కష్టం. పాతబడిన పేజీ లేని పేజీ కంటే ప్రమాదం, ఎందుకంటే జనం దాన్ని నమ్మి నడుచుకుంటారు. ఏటా ఏప్రిల్‌లో ఇయర్ ఎండింగ్ హడావుడి తగ్గాక ఒకసారి, అక్టోబరులో లైఫ్ సర్టిఫికెట్ కాలానికి ముందు ఒకసారి పేజీలన్నీ సరిచూసి తేదీ మార్చుకోండి. ఏడాదిగా ఎవరూ సరిచూడని పేజీని తీసేయండి. గిట్‌హబ్ ఖాతా అధికారం కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, బ్రాంచి తాళాల లాగే. ఒకరికి బదిలీ అయితే చార్జి అప్పగింతలో ఇదీ ఒక అంశం కావాలి.

ముప్ఫై పేజీలతో మొదలుపెట్టనక్కర్లేదు. మీ ఇంట్లో ఇంకొకరికి తెలియని, కానీ తెలిసి తీరవలసిన మూడు పనులు ఏవో ఈ ఆదివారం కూర్చుని రాయండి. నామినీలు ఎవరో సరిచూసుకునే విధానం, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే విధానం, ఆసుపత్రిలో చేరితే మొదటి రోజు చేయవలసిన పనులు. ఈ మూడు పేజీలు చాలు. రాసినవి ఇంట్లో ఆ పని ఎన్నడూ చేయని మనిషికిచ్చి చదివించండి. ఎవరినీ అడగకుండా ఆ మనిషి పని పూర్తి చేయగలిగితే, ఆ పేజీ ప్రచురణకు సిద్ధమైనట్టే.